నాన్నగారి కంప్యూటర్‌లో తెలియని బ్యాకప్ ఫైళ్లు: ఏవి తీసేయొచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

నమస్కారమండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారు ఎరువుల దుకాణంలో వాడిన కంప్యూటర్ ఇప్పుడు ఇంట్లో ఉంది. 2019లో కొన్నది, పోయిన వారమే విండోస్ 11కి మార్చారు. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. ఎక్కడ నిండిందో వెతికితే మీకు తెలియని పేర్లు బయటపడ్డాయి: విండోస్ డాట్ ఓల్డ్, విండోస్‌ఇమేజ్‌బ్యాకప్, 40 అక్షరాల అర్థంకాని పేరున్న ఒక ఫోల్డర్, టీబీకే900.001 అనే ఫైళ్లు నాలుగైదు చోట్ల, క్రిప్ట్12తో ముగిసే ఫైళ్లు ఏడు, డాట్ బీఏకే ఫైళ్లు కొన్ని, ఇంకా ‘బ్యాకప్’, ‘న్యూ బ్యాకప్’, ‘ఓల్డ్ సీ’ అనే ఫోల్డర్లు. నాన్నగారిని అడిగితే ‘రిపేరు అబ్బాయి ఏదో పెట్టాడు’ అన్నారు. ఇవి వైరస్సా, అన్నీ తీసేయొచ్చా అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. మీరు రాసిన పేర్లలో వైరస్ లక్షణం ఉన్నది ఏదీ లేదు. విండోస్ డాట్ ఓల్డ్ ఒక్కటే ఇప్పుడు ధైర్యంగా తీసేయొచ్చు, అది కూడా మామూలుగా డిలీట్ కొట్టి కాదు. టాలీ (దుకాణం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లను, అంటే ఆ టీబీకే900.001లను మాత్రం దయచేసి ముట్టుకోకండి. మిగతావాటి సంగతి ఒక్కొక్కటిగా చూడాలి. అప్పటిదాకా దేన్నీ తీసేయొద్దు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చొద్దు, పేరు కూడా మార్చొద్దు.

నేను విజయవాడలో 22 ఏళ్లుగా కంప్యూటర్ సర్వీసు, డేటా రికవరీ చేస్తున్నాను. పోయిన ఫైళ్ల కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ‘డిస్క్ నిండిపోయిందని మేమే తీసేశామండి’ అనే అంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెలియని బ్యాకప్ ఫైలు కనిపిస్తే నేను ముందు రెండు సంగతులు చూస్తాను. దీన్ని ఏ ప్రోగ్రామ్ రాసింది? దేనికి నకలుగా రాసిందో, ఆ అసలు ఇప్పుడు ఎక్కడుంది? మొదటిది తెలిస్తే ఎలా తెరవాలో తెలుస్తుంది. రెండోది తెలిస్తే ఉంచాలా, తీసేయాలా అన్నది తేలిపోతుంది. అసలు భద్రంగా ఉంటే నకలు పోయినా నష్టం లేదు. అసలు ఎప్పుడో పోయి ఉంటే మీ దగ్గరున్న ఆ నకలే ఇప్పుడు అసలు. ఫైలు పేరులో ‘బ్యాకప్’ అని ఉంది కదా, ఇంకెక్కడో ఇంకోటి ఉంటుందిలే అనుకోవడమే చాలా ఇళ్లలో కొంప ముంచింది.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చి, ఈ ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే అందులోకి కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. ఏ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో మెనూలోకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’, ‘హిడెన్ ఐటెమ్స్’ రెండూ ఆన్ చేయండి. ఫైలు పేరు చివరి మూడు నాలుగు అక్షరాలు కనపడకుండా ఏ ఫైలు గురించీ ఏమీ చెప్పలేం. పేరు చివర డాట్ ఈఎక్స్ఈ ఉండి, బొమ్మ మాత్రం ఫోల్డర్‌లా కనిపిస్తే దాన్ని డబుల్ క్లిక్ చేయకండి. బ్యాకప్ పేరుతో పెన్ డ్రైవ్‌ల మీదుగా వచ్చే వైరస్‌లు ఎక్కువగా ఈ వేషంలోనే వస్తాయి.

ఇక తేదీలు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ‘క్రియేటెడ్’, ‘మోడిఫైడ్’ అని రెండు తేదీలుంటాయి. విండోస్‌లో ఫైలును కాపీ చేస్తే క్రియేటెడ్ దగ్గర కాపీ చేసిన రోజు పడుతుంది, మోడిఫైడ్ దగ్గర మాత్రం లోపలి విషయం చివరిసారి మారిన పాత తేదీ అలాగే ఉంటుంది. ‘2017లో మారిన ఫైలు 2021లో ఎలా పుట్టింది’ అని కంగారు పడకండి. అది 2021లో కాపీ అయిందని అర్థం. ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటికీ క్రియేటెడ్ తేదీ ఒకటే ఉంటే, ఆ రోజు ఎవరో ఫార్మాట్ కొట్టేముందు డేటా పక్కన పెట్టారన్నమాట. ఆ రోజు ఏం జరిగిందో నాన్నగారికి గుర్తు చేసి చూడండి. ‘ఆ, అప్పుడు హార్డ్ డిస్క్ మార్పించాం’ అని ఆయనే చెప్పొచ్చు.

ఇప్పుడు మీ జాబితా.

విండోస్ డాట్ ఓల్డ్. విండోస్ 10 నుంచి 11కి మారినప్పుడు పాత విండోస్ మొత్తాన్ని ఈ ఫోల్డర్‌లో దాస్తుంది. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువు ఇస్తుంది, తర్వాత దానంతట అదే పోతుంది. మీరు మారి వారమే అయింది కాబట్టి ఇంకా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి వెనక్కి వెళ్లే పని మీకు ఎలాగూ ఉండకపోవచ్చు. ప్రింటర్, టాలీ, నెట్ సరిగ్గా పనిచేస్తున్నాయో చూసుకుని, లోపలి యూజర్స్ ఫోల్డర్‌లో మీ ఫైళ్లేవీ మిగిలిపోలేదని ఖాయం చేసుకుని, సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కి వెళ్లి ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ టిక్ పెట్టి తీసేయండి. మామూలుగా డిలీట్ కొడితే పర్మిషన్ లేదంటూ సతాయిస్తుంది. సీ డ్రైవ్‌లో ఒక్కసారిగా చాలా చోటు ఖాళీ అవుతుంది, మీ తొందర కూడా తగ్గుతుంది. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

టీబీకే900.001. మీ జాబితాలో అన్నిటికంటే విలువైనది ఇదే. టాలీ ఈఆర్‌పీ 9లో బ్యాకప్ తీస్తే వచ్చే ఫైలు ఇది. దీనిలో ఒక పెద్ద చిక్కుంది. ఏ సంవత్సరం బ్యాకప్ తీసినా, ఏ కంపెనీది తీసినా ఫైలు పేరు ఇదే ఉంటుంది. మీకు నాలుగైదు చోట్ల కనిపించింది అందుకే. అవి ఒకదానికొకటి డూప్లికేట్లు అనుకోకండి, ఒక్కోటీ ఒక్కో సంవత్సరం లెక్కలు కావచ్చు. అన్నీ ఒకచోట పెడదామని ఒకే ఫోల్డర్‌లోకి లాగితే ‘రీప్లేస్ చేయాలా’ అని అడుగుతుంది. అక్కడ ‘ఎస్’ నొక్కితే ఒక ఏడాది లెక్కలు పోయినట్టే. కాపీ చేసేటప్పుడు ఒక్కో ఫైలుకూ ‘టాలీ, డీ డ్రైవ్, 2018’ లాంటి పేరుతో విడి ఫోల్డర్ చేసుకోండి. సైజు, మోడిఫైడ్ తేదీ పక్కపక్కన రాసుకుంటే ఏది ఏదో తేలుతుంది.

పేరు బదులు 10000, 10001 లాంటి అంకెలున్న ఫోల్డర్లు, వాటిలో డాట్ 900తో ముగిసే ఫైళ్లు కనిపిస్తే అవి టాలీ అసలు డేటా, బ్యాకప్ కూడా కాదు. టాలీ ప్రోగ్రామ్ తీసేసినా ఈ అంకెల ఫోల్డర్లను మాత్రం ఉంచాలి.

ఎన్నాళ్లు ఉంచాలి అంటారా? జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలపాటు దాచాలి. అప్పీలో, విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువే. దుకాణం మూసేసినా పాత లెక్క అడగరని లేదు. మీ ఆడిటర్‌గారు ‘ఫలానా ఏడాదిది అక్కర్లేదు’ అని చెబితే తప్ప తీసేయకండి.

తెరవడంలోనూ జాగ్రత్త కావాలి. టాలీలో రీస్టోర్ చేసేటప్పుడు డెస్టినేషన్ అని ఒక చోటు అడుగుతుంది. అక్కడ ఇప్పుడు నడుస్తున్న డేటా ఫోల్డర్ ఇస్తే, అదే నంబరున్న కంపెనీ మీద పాతదాన్ని రాసేస్తుంది. ఇక్కడ వన్‌టౌన్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడు ‘పాత బ్యాకప్‌లో ఏముందో చూద్దాం’ అని ఇలాగే చేశాడు. నాలుగు నెలల ఎంట్రీలు పోయాయి. వేరే పెన్ డ్రైవ్‌లో వారం కిందటి కాపీ ఉండబట్టి సరిపోయింది, లేకపోతే బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ కొట్టుకోవాల్సిందే. మీరు కొత్తగా ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, డెస్టినేషన్‌గా దాన్ని ఇచ్చి అక్కడే రీస్టోర్ చేయండి.

40 అక్షరాల ఫోల్డర్. 0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్ వరకు ఉన్న గుర్తులే కలగాపులగంగా ఉండి, అది యాప్‌డేటాలో ‘మొబైల్‌సింక్, బ్యాకప్’ కింద ఉంటే అది ఐఫోన్ బ్యాకప్. ఎప్పుడో ఐట్యూన్స్ పెట్టి ఫోన్ కలిపితే తీసుకుని ఉంటుంది. లోపల 00 నుంచి ఎఫ్‌ఎఫ్ దాకా చిన్న ఫోల్డర్లు, వాటిలో ఎక్స్‌టెన్షన్ లేని ఫైళ్లు వేలల్లో ఉంటాయి. చూడగానే వైరస్ అనిపించడం సహజం. అవి ఆ ఫోన్‌లోని ఫొటోలు, మెసేజ్‌లు, కాంటాక్టులే, పేర్లు మాత్రం మారిపోయి ఉంటాయి.

ఎవరి ఫోన్‌దో తెలుసుకోవడం తేలికే. ఆ ఫోల్డర్‌లో ‘ఇన్ఫో డాట్ పీలిస్ట్’ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. డివైస్ నేమ్, లాస్ట్ బ్యాకప్ డేట్ కనిపిస్తాయి, చాలాసార్లు ఫోన్ నంబరు కూడా ఉంటుంది. సేవ్ చేయకుండా మూసేయండి. మీ అక్కగారు 2019లో డల్లాస్ వెళ్లారని రాశారు కదా, ఇది ఆమె ఫోన్ బ్యాకప్ అయ్యుంటుందని నా అనుమానం.

మూడేళ్ల కిందట ఇలాంటి ఫోల్డరే ఒక పెద్దాయన ల్యాప్‌టాప్‌లో చూశాను. స్లోగా ఉందని, పనికిరానివి తీసేయమని ఇచ్చారు. ఇన్ఫో ఫైలు తెరిస్తే వాళ్లమ్మాయి పేరుతో ఉంది. ఫోన్ చేసి కనుక్కుంటే ఆ ఐఫోన్ అమెరికాలో పోయిందట, క్లౌడ్‌లో కూడా ఏమీ పెట్టలేదట. వాళ్ల అమ్మమ్మ చివరి ఏడాది ఫొటోలు, మాట్లాడిన వీడియోలు అందులోనే ఉన్నాయి. తీసి పంపితే ఆ అమ్మాయి ఫోన్‌లో ఏడ్చేసింది. ఆ రోజు నుంచి మా షాపులో ఇంటివాళ్లను అడగకుండా ఇలాంటి ఫోల్డర్ ఏదీ తీయకూడదని నియమం పెట్టాను.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఐఫోన్‌లో బ్యాకప్ రీస్టోర్ చేస్తే ఆ ఫోన్‌లో అప్పుడున్న డేటా పోయి పాతది వస్తుంది. కాబట్టి వాడుతున్న ఫోన్‌లో ప్రయత్నించకండి, ఖాళీగా ఉన్న పాత ఐఫోన్‌లో చేయండి. ఆ ఫోన్ ఐఓఎస్ బ్యాకప్ తీసినప్పటి వెర్షన్ కంటే పాతదైతే రీస్టోర్ కాదు. రెండోది, బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది అక్కగారికే గుర్తుండాలి. తొందరపడి ఫోల్డర్ తీసేయకుండా ముందు ఆమెను అడగండి. అక్కర్లేదు అంటే ఐట్యూన్స్‌లోని డివైసెస్ లిస్టు నుంచి డిలీట్ చేయండి.

విండోస్‌ఇమేజ్‌బ్యాకప్. కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ ‘బ్యాకప్ అండ్ రీస్టోర్, విండోస్ 7’ అని ఉంటుంది. దానితో డ్రైవ్ మొత్తాన్నీ ఫొటో తీసినట్టు తీస్తే వచ్చేదే ఇది. లోపల కంప్యూటర్ పేరుతో ఫోల్డర్, అందులో తేదీతో ఇంకోటి, దానిలో వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లు ఉంటాయి. పైనున్న ఫోల్డర్ పేరు మారిస్తే రీస్టోర్ ప్రోగ్రామ్ దాన్ని గుర్తుపట్టదు. లోపలేముందో చూడటానికి రీస్టోర్ చేయనక్కర్లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ నొక్కి, పెద్ద సైజున్న ఫైలును చూపించి, ‘రీడ్ ఓన్లీ’ తప్పకుండా టిక్ పెట్టండి. కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. కావాల్సినవి కాపీ చేసుకుని డిటాచ్ చేయండి. అప్పటి ఫైళ్లన్నీ ఇప్పటి కంప్యూటర్‌లోనూ ఉన్నాయని తేలితే ఈ ఇమేజ్‌ను తీసేయొచ్చు.

క్రిప్ట్12 ఫైళ్లు. ఆండ్రాయిడ్ ఫోన్ మెమరీ మొత్తం కాపీ చేసినప్పుడు వచ్చిన వాట్సాప్ చాట్ బ్యాకప్‌లు ఇవి. వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఒకటి తీసి, చివరి ఏడు రోజులవి ఉంచుతుంది. మీకు ఏడు కనిపించింది అందుకే. ఇవి తాళం వేసిన ఫైళ్లు. కంప్యూటర్‌లో మామూలుగా తెరుచుకోవు, ఫోన్‌లో అదే నంబరుతో వాట్సాప్ పెట్టుకుని తెరవాల్సిందే. తెరిచి పెడతామనే వెబ్‌సైట్లను నమ్మి ఎక్కించకండి. ఇంట్లోవాళ్లకు నిజంగా కావాల్సినవి సాధారణంగా పక్కనే ఉన్న మీడియా ఫోల్డర్‌లో ఉంటాయి: ఐఎంజీ, ఆ తర్వాత తేదీ, ‘డబ్ల్యూఏ’ అని పేరున్న ఫొటోలు. వాటికి తాళం ఉండదు, మామూలుగానే తెరుచుకుంటాయి. ముందు అవి దాచుకోండి.

డాట్ బీఏకే. ఈ పేరు చూసి ఏమీ తేల్చలేం, ఎందుకంటే ఎవరికి వారే వాడేసుకున్న పేరు ఇది. ఇంటి ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ప్రతి డ్రాయింగ్‌కీ ముందటి కాపీని డాట్ బీఏకేగా ఉంచుతుంది. దాన్ని ఇంకోచోట కాపీ చేసి, ఆ కాపీ పేరు చివర డాట్ డీడబ్ల్యూజీ అని మారిస్తే తెరుచుకుంటుంది. పటమటలో ఒక సివిల్ ఇంజినీర్‌గారి ఇంటి ప్లాన్ పాడైపోతే ఇలాగే బయటపడ్డాం. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ బ్యాకప్‌కీ ఇదే పేరు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లు వాడే దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. షావోమీ ఫోన్లు తీసే బ్యాకప్ కూడా డాట్ బీఏకేనే.

మరి తేడా ఎలా? ఫైలు మొదటి అక్షరాలు చూడాలి. హెచ్ఎక్స్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కాపీని తెరిస్తే మొదటి వరుసలోనే ఆనవాలు దొరుకుతుంది. ఏసీ10 అని మొదలైతే ఆటోక్యాడ్, ఎంఐయూఐ బ్యాకప్ అని ఉంటే షావోమీ, టేప్ అనే మాట ఉంటే మైక్రోసాఫ్ట్ పాత టేప్ పద్ధతిలో రాసిన బ్యాకప్. ఈ చివరిది విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి డాట్ బీకేఎఫ్ ఫైళ్లలోనూ, ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్‌లలోనూ కనిపిస్తుంది. పీకే అని మొదలైతే అది జిప్ తరహా ఫైలు, 7-జిప్‌తో తెరిచి చూడొచ్చు. ఎరువుల దుకాణం అన్నారు కాబట్టి మీ దగ్గరున్నవాటిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌వి ఉండొచ్చు. అవైతే టాలీ ఫైళ్లతో పాటే దాచండి.

‘బ్యాకప్’, ‘న్యూ బ్యాకప్’, ‘ఓల్డ్ సీ’. వీటికే మీకు ఎక్కువ ఓపిక కావాలి. ఇవి ఏ ప్రోగ్రామూ రాయలేదు, ఫార్మాట్ కొట్టే ప్రతిసారీ ఎవరో ఒకరు చేత్తో కాపీ చేసిపెట్టినవి. ఒకదానిలో ఇంకోటి, దానిలో మరోటి ఉంటాయి. తొందరలో చేసేవాళ్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మాత్రమే తీస్తారు. సీ డ్రైవ్‌లో టాలీ పెట్టుకున్న డేటా, ఔట్‌లుక్ మెయిల్ ఉండే డాట్ పీఎస్‌టీ ఫైలు తరచుగా మర్చిపోతారు. కాబట్టి ‘కొత్త బ్యాకప్ ఉంది కదా, పాతది తీసేద్దాం’ అనుకోవద్దు. పాతదాంట్లో ఉన్నది కొత్తదాంట్లో లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్లు పోల్చి చూడండి. రెండూ అచ్చంగా సరిపోయి, లోపల నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసినా ఒకటే అయితేనే ఒకటి తీయండి.

వాటిలో తెలుగు లెటర్లు, దుకాణం కరపత్రాలు ఉండి, తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తే ఫైలు పాడైందనుకోకండి. అను ఫాంట్లతో టైప్ చేసినవి ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అలాగే కనిపిస్తాయి. ఫాంట్ వేస్తే చదవొచ్చు.

వైరస్ గురించి మీ టెన్షన్ పూర్తిగా తీరడానికి ఒక్కటి చెబుతాను. భయపడాల్సిన ఆనవాళ్లు వేరు. మీ మామూలు ఫొటోలు, ఎక్సెల్ ఫైళ్ల పేర్ల చివర కొత్తగా ఏదో తోక వచ్చి చేరడం, అవేవీ తెరుచుకోకపోవడం, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు కట్టమనే ‘రీడ్‌మీ’ ఫైలు ఉండటం. అది రాన్సమ్‌వేర్. అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించకుండా నెట్ వైరు పీకేయాలి. లాక్ అయిన ఫైళ్లను కూడా తీసేయకూడదు. యూరోపోల్, డచ్ పోలీసులు తదితరులు 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. మీరు రాసినదాంట్లో ఇలాంటిది ఏదీ లేదు.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అయ్యాక విండోస్ డాట్ ఓల్డ్ తీసేసి, అక్కగారికి ఫోన్ చేయండి. టాలీ ఫైళ్లు ఒక్కోదాని సైజు, మోడిఫైడ్ తేదీ, ఏ ఫోల్డర్‌లో ఉందో ఇక్కడ రాస్తే ఏది ఏ ఏడాదిదో చూసి చెబుతాను. ఫైళ్లు మాత్రం నాకు గానీ ఇంకెవరికి గానీ పంపకండి. దుకాణం లెక్కలు, మీ ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ అందులో ఉంటాయి.